కొత్త బట్టలతో పాటు ఓ సంతకం

నెలాఖరు సాయంత్రం ప్రభుత్వ కార్యాలయాల్లో తరచూ కనిపించే సన్నివేశమే. నాలుగు బల్లలు ఓ పక్కకు జరిపి, వరుసగా కుర్చీలు వేస్తారు. బంతిపూల దండ, శాలువా, జ్ఞాపిక సిద్ధంగా ఉంటాయి. పదవీ విరమణ చేస్తున్న ఉద్యోగి మధ్యలో కూర్చుంటాడు. పక్కన కొత్త చీర కట్టుకున్న భార్య. ఇన్నేళ్లలో ఆమె ఆ ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి కావచ్చు. ఒకరి తర్వాత ఒకరు లేచి 'సారు మంచితనం' గురించి మాట్లాడతారు. చివర్లో మిక్చర్, మైసూర్‌పాక్, చాయ్. అక్కడితో ముప్ఫై ఏళ్ల కొలువు ముగిసిపోతుంది.

సరిగ్గా అదే సాయంత్రం అదే ఊళ్లో మరో మనిషి పని దిగుతాడు. తాపీ కడిగి, రసమట్టం తుడిచి, రెండింటినీ గోనెసంచిలో వేసుకుని సైకిలెక్కుతాడు. మోకాళ్లు పట్టేశాయి. పరంజా మీద నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. రేపట్నుంచి పనికి రాలేనని అతనికి తెలుసు. దండ వేసేవాళ్లు లేరు. శాలువా లేదు. అసలు అతను రిటైరైన సంగతే ఎవరికీ తెలియదు.

మొదటివాడు హౌసింగ్ విభాగంలో పనిచేసిన వర్క్ ఇన్‌స్పెక్టర్. రెండోవాడు సుతారి మేస్త్రి. ఒకరు కొలిచి రాశారు, ఇంకొకరు కట్టారు. ఇద్దరూ బతుకంతా ఊరి ఇళ్ల కోసమే పనిచేశారు. మరి వయసు మీదపడ్డాక ఆ ఇద్దరి మీద ఉండే నీడ ఏమిటి?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అంటారు పెద్దలు. ఆ సామెత ఇల్లు కట్టించుకునేవాడి కష్టం గురించే చెబుతుంది. కట్టేవాడి గురించి ఒక్క ముక్కా చెప్పదు!

మట్టిగోడ నుంచి స్లాబు దాకా

కామారెడ్డి జిల్లా బీర్కూర్ మంజీర పక్కన ఉన్న మండల కేంద్రం. బాన్సువాడకు దగ్గర. 1985లో మండలాల వ్యవస్థ వచ్చినప్పటి నుంచి 2016 అక్టోబరు వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. నిజాంసాగర్ నీళ్లు, వరి పొలాలు, మంజీర ఇసుక... ఇవీ ఈ ప్రాంతం గుర్తులు.

నలభై ఏళ్ల కిందట ఇలాంటి ఊళ్లలో పేదింటి రూపం వేరు. మట్టిగోడలు, పైన గూన పెంకులు. ఏటా వానాకాలానికి ముందు పెంకులు సర్దుకోవాలి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గోడ ఎప్పుడు కూలుతుందోనని భయం. ఇప్పుడు అదే వాడలో ఇటుక గోడలు, సిమెంటు స్లాబులు కనిపిస్తున్నాయి. ఈ మార్పు వెనక పథకాలున్నాయి. వాటిని గడప దాకా తెచ్చిన మనుషులూ ఉన్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక పేదలకు పక్కా ఇళ్ల నిర్మాణం జోరందుకుంది. ఆ దశాబ్దంలోనే కేంద్రం ఇందిరా ఆవాస్ యోజనను మొదలుపెట్టింది. 1996లో అది విడి పథకమైంది. 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015 నుంచి 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లు. బాన్సువాడ ప్రాంతంలో అవి పెద్దసంఖ్యలోనే వెలిశాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మళ్లీ ఇందిరమ్మ ఇళ్ల పేరుతో 5 లక్షల రూపాయల సాయం పథకం మొదలైంది. ఆ డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది.

ప్రభుత్వాలు మారాయి. పథకాల పేర్లు మారాయి. ఊళ్లో జనానికి మాత్రం మారని పేరు ఒకటే... 'హౌసింగ్ సారు'.

పుస్తకంలో ఊరంతా

హౌసింగ్ సారు పనేమిటి? ముగ్గు పోసిన దగ్గర్నుంచి గృహప్రవేశం దాకా వెంట ఉండటమే. జాగా చూడాలి. పునాది కొలవాలి. బేస్‌మెంట్ పూర్తయితే రాయాలి, గోడలు లేస్తే రాయాలి, స్లాబు పడితే రాయాలి. ఆ కొలతల పుస్తకంలో అంకె పడితేనే పైనుంచి బిల్లు కదులుతుంది. పూర్వం సిమెంటు బస్తాలు కూడా హౌసింగ్ గోదాము నుంచే వచ్చేవి. ఎవరికి ఎన్ని ఇచ్చారో, ఎన్ని గట్టిపడి పాడయ్యాయో అన్నీ లెక్కే.

"సారూ, బేస్‌మెంట్ అయింది. జర వచ్చి రాస్కపోండ్రి."

"బిల్లు ఎప్పుడొస్తది సారూ? మిత్తికి తెచ్చి గోడలు లేపిన."

ఈ రెండు మాటలు వినని రోజు ఆ ఉద్యోగంలో ఉండదు. మొదటి మాటకు సైకిల్ మీద వెళ్తే సరిపోతుంది. రెండో మాటకు మాత్రం అతని దగ్గర జవాబుండదు. నిధులు ఎక్కడో ఆగుతాయి. కానీ అప్పు తెచ్చుకున్నవాడికి కనిపించే ప్రభుత్వం ఈయనొక్కడే. 2014లో ఇందిరమ్మ ఇళ్లలో అక్రమాలపై తెలంగాణ ప్రభుత్వం సీఐడీ దర్యాప్తుకు ఆదేశించింది. బిల్లులు నిలిచిపోయాయి. తప్పు చేసినవాళ్ల సంగతి సరే. ఏ తప్పూ చేయని సిబ్బంది కూడా ఊళ్లో తలెత్తుకుని తిరగలేకపోయిన రోజులవి. సగం గోడలతో ఆగిన ఇంటి ముందు నుంచి పోవాలంటే ఎవరికైనా కాళ్లు రావు కదా!

ఆ తర్వాత ఇంకో చిత్రం జరిగింది. తెలంగాణలో గృహనిర్మాణ శాఖనే రోడ్లు, భవనాల శాఖలో కలిపేశారు. సిబ్బందిని వేరే విభాగాలకు సర్దారు. అంటే కొందరి విషయంలో, మనిషి కంటే ముందు ఆఫీసే రిటైరైంది! 2024లో కొత్త పథకం వచ్చాక పాత చేతుల అవసరం మళ్లీ పడింది. వెళ్లినవాళ్లను వెనక్కి పిలిచారు. ఊళ్లో ఎవరి జాగా ఎక్కడుందో, ఏ వాడలో నల్లరేగడి నేల ఉందో, ఎక్కడ పునాది లోతుగా తీయాలో కాగితాల్లో ఉండదు. ఏళ్ల తరబడి తిరిగిన కాళ్లకే తెలుస్తుంది.

రెండేళ్ల తేడా

రిటైర్‌మెంట్ అనగానే అందరూ వయసు గురించే మాట్లాడుకుంటారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58 ఏళ్లను 55కు తగ్గించినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో పాతతరం ఉద్యోగులకు ఇప్పటికీ గుర్తే. తర్వాత మళ్లీ 58 అయింది. 2021లో తెలంగాణ దాన్ని 61 చేసింది. కానీ హౌసింగ్ లాంటి రంగంలో వయసు కంటే ముఖ్యమైన తేదీ ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో ఎప్పుడు చేరారు, ఏ పద్ధతిలో చేరారు అన్నది.

ఇద్దరు మిత్రుల్ని ఊహించుకోండి. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే చదువు. ఒకరు 1987లో, ఇంకొకరు 1989లో ఓ ప్రభుత్వ సంస్థలో మస్టర్ రోల్ మీద, అంటే ఎన్ఎంఆర్‌గా చేరారు. ఇద్దరి పనీ ఒకటే, తిరిగే ఊళ్లూ అవే. 1994 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 212 తెచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు నిండినవారిని, ఖాళీలూ అర్హతలూ ఉంటే, పర్మినెంట్ చేయొచ్చన్నది దాని సారాంశం. మొదటి మిత్రుడికి అప్పటికి ఆరేళ్లు నిండాయి. ఖాళీ దొరికితే గట్టెక్కాడు. రెండో మిత్రుడికి నాలుగేళ్లే! ఆ ఒక్క గీత ఇద్దరి జీవితాల్నీ రెండు దారుల్లో నడిపిస్తుంది. ఒకరికి స్కేలు, ఇంక్రిమెంట్లు, గ్రాట్యుటీ. మరొకరికి ఏళ్ల తరబడి కోర్టు కాగితాలు, లేదంటే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒకే చాయ్ హోటల్ ముందు కూర్చుంటారు. ఊరివాళ్లకు ఇద్దరూ 'సార్లే'. ఇంటి దగ్గర భార్య వేసే నెల ఖర్చు లెక్కలో మాత్రం ఆ రెండేళ్ల తేడా రోజూ కనిపిస్తుంది.

ఆ అంకె ముందే చూసుకోవాలి

'గవర్నమెంటు కొలువు... పింఛను వస్తుంది కదా' అని చుట్టాలు అనుకుంటారు. అందరికీ అలా రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. పీఎఫ్ పరిధిలో ఉండే కార్పొరేషన్, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి దిక్కు 1995 నవంబరులో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. అందరూ 'ఈపీఎస్-95' అని పిలిచేది దాన్నే.

ఈ పథకం లెక్క కష్టమేమీ కాదు. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. జీతం ఎంతున్నా సాధారణంగా 15,000 రూపాయల పరిమితి వరకే లెక్కిస్తారు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకైతే ఆ పరిమితి 6,500 మాత్రమే. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. ఈ పరిమితుల ప్రకారం చందా కట్టి, 1995లో చేరి 2023లో 58 ఏళ్లు నిండిన మనిషికి లెక్కవేస్తే వచ్చేది నెలకు సుమారు 4 వేల రూపాయలు! దానికి కరువు భత్యం ఉండదు. ధరలు పెరుగుతాయి, పింఛను అక్కడే ఉంటుంది.

ఔట్‌సోర్సింగ్ వారికి మరో గండం. ఈ పథకంలో కనీసం పదేళ్ల సర్వీసు లేకపోతే నెలనెలా పింఛనే రాదు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు తెరిచి, పాతది అలాగే వదిలేస్తే పదిహేనేళ్లు పనిచేసినవాడు కూడా కాగితం మీద మూడు ముక్కలుగా కనిపిస్తాడు. ఊరందరి ఇళ్ల కొలతలూ పుస్తకంలో తప్పు లేకుండా రాసిన మనిషి, తన సర్వీసు పుస్తకాన్ని ఒక్కసారీ తెరిచి చూసుకోకపోవడం... ఇది చాలామంది విషయంలో నిజం.

అందుకే 58 ఏళ్లకు అయిదేళ్ల ముందే ఇంటిల్లిపాదీ ఓ ఆదివారం కూర్చోవాలి. ఆధార్‌లో, పీఎఫ్‌లో, సర్వీసు రికార్డులో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా? పాత పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే నంబరు కిందకు వచ్చాయా? చేరిన తేదీ, మానేసిన తేదీ పడ్డాయా? నామినీగా భార్య పేరుందా, లేక పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరే ఉందా? భర్త పోతే ఈపీఎస్‌లో భార్యకు వచ్చేది ఆయన పింఛనులో సగం. కాబట్టి ఈ లెక్క ఆమెకూ తెలిసి ఉండాలి. పాస్‌బుక్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. చదువుకునే కూతురో కొడుకో అరగంటలో చూసి చెప్పగలరు.

సుతారికి ఏదీ సర్వీసు పుస్తకం?

ఇక గోనెసంచిలో తాపీ పెట్టుకుని వెళ్లిపోయిన సుతారి సంగతి.

అతను పదిహేనో ఏట తట్ట మోయడానికి వచ్చి ఉంటాడు. మాలు కలపడం, ఇటుక అందించడం, ఆ తర్వాత ఎప్పుడో పెద్దమేస్త్రి దయతో తాపీ పట్టుకోవడం. గుండు వేలాడదీసి గోడ నిలువు చూడటం కంటికి అలవాటయ్యేసరికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. సిమెంటులో నానీ నానీ వేళ్లు పగిలిపోతాయి. నడుం వంగి వంగి అలాగే ఉండిపోతుంది. కూలి పెరిగింది, కాదనలేం. కానీ వానాకాలం పని తగ్గుతుంది. ఇసుక దొరక్కపోతే పని ఆగుతుంది. బిల్లు ఆగినా ముందు ఆగేది మేస్త్రి కూలే. అతని పక్కన తట్ట మోసే ఆడకూలీ పరిస్థితి ఇంకా కష్టం. ఆమెకు మేస్త్రి అన్న పేరూ రాదు, ఆ కూలీ రాదు.

వీళ్ల కోసం చట్టం లేదా? ఉంది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ లాంటి పెద్దలు ముందు నిలిచి నడిపిన ఉద్యమం ఫలితంగా 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్ వసూలుచేసి ఆ డబ్బును కార్మికుల సంక్షేమానికే వాడాలన్నది దాని ఆలోచన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో సంక్షేమ బోర్డు ఏర్పడింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. అయినా మూలసూత్రాలు మారలేదు. 18 ఏళ్లు నిండి 60 దాటనివారు, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదం, మరణం, కాన్పు, 60 ఏళ్ల తర్వాత పింఛను... ఇవన్నీ ఆ నిధి నుంచి ఇవ్వదగిన సాయాలుగా చట్టం చెబుతుంది. ఏది ఎంత ఇవ్వాలో రాష్ట్ర బోర్డు నిర్ణయిస్తుంది.

చిక్కల్లా ఆ 60 దగ్గరే. 59 దాకా 'నాకెందుకీ కార్డు' అనుకున్న సుతారి, నడుం పట్టేశాక మీ సేవ కేంద్రానికి వెళ్తే గడువు దాటిపోతుంది. కార్డు తీసుకుని రెన్యూవల్ మరిచిపోయినవాడి గతీ అంతే. నలభై ఏళ్లు గోడలు కట్టాడని ఊరంతా చెప్పగలదు. కాగితం మాత్రం చెప్పలేదు! ఇక మిగిలేది ఆసరా పింఛనే. 2019లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 2,016 రూపాయలు చేసింది. 2021లో వృద్ధుల అర్హత వయసును 57కు తగ్గించింది. అదైనా ఉంది కాబట్టి మందులకు సరిపోతోంది.

తండ్రికి ఆలస్యమైనా కొడుక్కి కాలేదు. అసంఘటిత కార్మికుల కోసం 2019లో మొదలైన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారు చేరొచ్చు. నెలకు 18 ఏళ్లవారు 55 రూపాయలు, 29 ఏళ్లవారు 100, 40 ఏళ్లవారు 200 కట్టాలి. అంతే మొత్తం కేంద్రమూ కలుపుతుంది. 60 నిండాక నెలకు 3,000 పింఛను. నెల ఆదాయం 15,000 లోపు ఉండి, పీఎఫ్ లాంటివి లేనివారికే ఇది. తండ్రి వెంట తాపీ పట్టిన కుర్రాడికి 100 రూపాయలు పెద్ద భారమేమీ కాదు. 41వ పుట్టినరోజు వస్తే మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది.

మేస్త్రికి పెట్టే బట్టలు

రిటైరైన హౌసింగ్ సారుకు పొద్దున నడక అలవాటవుతుంది. నడుస్తూ నడుస్తూ ప్రతి ఇంటి ముందూ ఓ క్షణం ఆగుతాడు. ఈ ఇంటికి పునాదిలో నీళ్లూరితే మొరం పోయించాం. ఆ ఇంటి ముసలమ్మ స్లాబు పడ్డ రోజు కన్నీళ్లు పెట్టుకుంది. ఆ మూలింటివాడు బిల్లు రాలేదని పదిమందిలో తిట్టాడు, తర్వాత గృహప్రవేశానికి తనే వచ్చి పిలిచాడు. ఆయనకు ఊరంటే ఓ తెరిచిన కొలతల పుస్తకం. సుతారి కూడా అదే దారిలో నడుస్తాడు. గోడ మీద చెయ్యి వేస్తే ఏది తన చేతి పనో చెప్పగలడు. ఇద్దరికీ మిగిలిన ఆస్తి అదే. దానికి ఏ బ్యాంకూ వెల కట్టదు.

కానీ ఊరు కట్టొచ్చు.

మనకో మంచి ఆచారముంది. గృహప్రవేశం రోజున మేస్త్రికీ వడ్ల ఆయనకూ కొత్త బట్టలు పెడతాం. వాళ్లు తిన్నాకే పంక్తిలో మిగతావాళ్లు కూర్చునే ఇళ్లూ ఉన్నాయి. మెక్సికోలో మే 3ను మేస్త్రీల పండుగగా చేస్తారు. పని జరిగే చోట శిలువను పూలతో అలంకరించి, ఇల్లు కట్టించుకునేవాళ్లు పనివాళ్లకు విందు పెడతారు. ఎక్కడైనా ఇల్లు కట్టిన చేతికి మొక్కాలన్న బుద్ధి ఒకటే.

ఆ బట్టలతో పాటు ఇంకొకటి ఇవ్వగలిగితే? 'ఫలానా మేస్త్రి, ఫలానా కూలీ మా ఇంటి పనిలో ఇన్ని రోజులు పనిచేశారు' అని ఓ కాగితం మీద తేదీలు రాసి సంతకం పెట్టి ఇవ్వడం. ఆడకూలీ పేరు విడిగా, ఆమె పేరుతోనే రాయడం. కార్డు ఉందా, గడువు ఎప్పటిదాకా ఉంది అని ఒక్క మాట అడగడం. 90 రోజుల పనికి రుజువు కావాల్సినప్పుడు ఆ కాగితం అక్కరకొస్తుంది. ఇల్లు కట్టించుకునే ప్రతి కుటుంబమూ ఒక్కో కాగితం ఇస్తే, సుతారికీ ఓ సర్వీసు పుస్తకం తయారైనట్టే.

ఇందిరమ్మ ఇళ్ల గోడలు ఇప్పుడు ఊరూరా లేస్తున్నాయి. కట్టించుకునే ఇంటికి బేస్‌మెంట్, గోడలు, స్లాబు ఏ దశలో ఉన్నాయో కొలిచి రాయడానికి సారు వస్తాడు. ఆ గోడ కట్టిన మనిషి వృద్ధాప్యం ఏ దశలో ఉందో కొలిచేవాళ్లు మాత్రం ఎవరూ రారు. ఆ ఒక్క కొలత ఇంటివాళ్లే రాయాలి. శాలువా కప్పకపోయినా ఫర్వాలేదు... ఓ సంతకం చాలు.